రాకాసి గుహలో గిన్నె మూత

పేర్లు పడుతున్నాయి, ఇంకాసేపటికి తన పేరూ పడుతుంది, చిట్టచివర, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో, సీరియళ్లకి చప్పుళ్లు చేసిపెడుతుందని స్టూడియోలో అందరూ చప్పుళ్లక్క అని పిలిచే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుందని ఆ అరక్షణంలోనే లోకానికి తెలియాలి, కానీ ఈ ఆదివారం పొద్దున చప్పుళ్లక్క కళ్లు టీవీ మీద లేవు, అమ్మ చేతుల మీద ఉన్నాయి. సోఫాకి ఆ చివర కూర్చుని అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది, తువ్వాలు సగానికి, మళ్లీ సగానికి, అంచుకి అంచు కలిసేదాకా వేళ్లతో నొక్కి నొక్కి. ఈ పక్క నాన్న, తన కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని, కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుని. మధ్యలో తను. మొన్న ఫోన్లో నాతో వచ్చెయ్ అమ్మా అంటే వస్తాననలేదు, రాననలేదు, "ఆదివారం నీ ఎపిసోడ్ అయిపోయాక చెప్తాలే" అంది, బజారుకి వెళ్లాలా వద్దా అన్నంత తేలిగ్గా. అందుకని తను కింద కారు వెనక సీటు ఖాళీ చేసి ఉంచింది, తన ఫ్లాట్‌లో చిన్నగది తుడిచి పక్క వేసి ఉంచింది, కిటికీకి పరదా కూడా కుట్టించింది, ఆ పరదా రంగు అమ్మకి నచ్చుతుందో లేదో అని దిగులు పడింది, మనిషే వస్తుందో రాదో తెలియకుండా పరదా గురించి దిగులేమిటో. నాన్నకి ఇవేవీ తెలియవు. ఆయన లెక్కలో కూతురు తను పనిచేసిన ఎపిసోడ్ చూపించడానికి వచ్చింది, ఆయన అభిప్రాయం విని, భోంచేసి వెళ్లిపోతుంది.

అభిప్రాయమంటే నాన్నకి ఆషామాషీ వ్యవహారం కాదు. పంపుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో రిటైరయ్యేదాకా పనిచేసిన మనిషి, తయారైన ప్రతి ముక్కనీ లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూసి, ముందు బలాలు చెప్పేవాడు, తర్వాత బలహీనతలు, ఆ తర్వాతే పంపించాలో పక్కన పడెయ్యాలో తేల్చేవాడు. ముందు మంచి చెప్పాలి, అదీ న్యాయం, అనేవాడు. ఆ న్యాయాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. చప్పుళ్లక్క చిన్నప్పుడు, ఫ్యాక్టరీ మేనేజరు దంపతులు భోంచేసి వెళ్లిన ఒక మధ్యాహ్నం, వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇల్లు అద్దంలా పెట్టావు" అన్నాడు. అమ్మ చేతిలో ప్లేటు ఆగిపోయింది. "కూరల్లో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆవిడ అడిగి మరీ వేయించుకుంది, చూశావా." ఒక్కో మెచ్చుకోలుకీ అమ్మ ఒక్కో అడుగు వెనక్కి వేసింది, వీపుకి గోడ తగిలేదాకా. "ఇక బలహీనతలకి వస్తే" అన్నాడు, మేనేజరు ఏదో జోకు వేస్తే అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్విందట, అదీ బలహీనత, ఆ తర్వాత నాన్న చెయ్యి, అమ్మ చెంప, చెంప తర్వాత గోడ, తల తగిలిన చోట సున్నం రాలి జుట్టులో పడితే ఆ తెల్లటి పొడిని సాయంత్రం దాకా అమ్మ దులుపుకోలేదు. ఆ ఇంట్లో తిట్టు వినపడితే ఊపిరి పీల్చుకోవచ్చు, తిట్టుతో పోయింది అనుకోవచ్చు, మెచ్చుకోలు వినపడితేనే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇప్పటికీ అంతే, రికార్డింగ్ గదిలో ఒక చప్పుడు బాగా కుదిరి, అద్దం అవతల నుంచి రికార్డిస్టు "అదిరిందక్కా" అంటే చాలు, చప్పుళ్లక్క భుజాలు వాటంతట అవే చెవుల దాకా లేస్తాయి, పాపం అక్కకి సిగ్గెక్కువ అనుకుంటాడు వాడు. పెళ్లిచూపుల్లాంటి ఒక కాఫీ దగ్గర ఒకతను మీ కళ్లు బాగున్నాయండీ అన్నాడు, ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది, అతను మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

కథ మొదలైంది, గుహ, గుహలో మంట, ఆ మంట నిజానికి ఒక పాత ప్లాస్టిక్ కవరు, మైకు దగ్గర మెల్లగా నలిపితే చిటపటలాడింది. నాలుగు చేతుల రాకాసి ఒక కుట్టుపని పిల్లని ఎత్తుకొచ్చి గుహలో పెట్టుకున్నాడు, పక్షి ఈకలతో తనకో అంగీ కుట్టమన్నాడు, కుట్టినన్నాళ్లూ నోరు తెరవకూడదు, తెరిచిందా, మాటకో పక్షి చస్తుంది. పిల్ల నోరు జారినప్పుడల్లా పైనుంచి ఒక పక్షి రాలుతోంది. రాలేముందు రెక్కలు కొట్టుకుంటోంది, రెండు తోలు గ్లవ్స్ చేతుల్లో పట్టుకుని టపటపలాడిస్తే రెక్కలు, తడిపిన స్పాంజి రాతిమీద పడేస్తే పక్షి. "పక్షులు అచ్చం పక్షుల్లాగే ఉన్నాయి" అన్నాడు నాన్న. అమ్మ చేతుల్లో తువ్వాలు కొంచెం కదిలింది, మళ్లీ మడతలోకి వెళ్లింది, టీవీ గురించే కదా, టీవీని కొట్టడు కదా. తెరమీద, పిల్లని విడిపించడానికి బాతులు కాసేవాడొకడు గొడ్డలి పట్టుకుని గుహలోకి దూకాడు, మొదటి వేటుకే రాకాసి చెయ్యి భుజం దగ్గర తెగి పడింది, పడిన చెయ్యి నేలమీద పాకి కుట్టుపిల్ల కాలు పట్టుకుంది, తెగిన చోట రెండు కొత్త చేతులు మొలిచాయి, మళ్లీ వేటు, మళ్లీ రెండు, రక్తం గోడలకి చిమ్ముతోంది, పిల్లల సీరియల్ అని ఎవరన్నారో గానీ. ఎముకల కోసం క్యారెట్లు వాడింది, లావుపాటివి, తడిబట్టలో చుట్టి ఒక్కసారిగా మెలితిప్పితే లోపల విరుగుతాయి, పైన చర్మం ఉన్నట్టే ఉంటుంది. మాంసానికి క్యాబేజీ, కత్తితో కాదు, మొద్దు గొడ్డలితోనే, ఆ పూటకి రికార్డింగ్ గది కూరగాయల దుకాణంలా తయారైంది, సాయంత్రం మిగిలినవన్నీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లి వండుకుంది కూడా. అంత నరికినా ఆమెకి ఏమీ అనిపించలేదు. నరుకుడు సులువు, అది కథ, అలాంటి నరుకుడు ఎవరూ ఎప్పుడూ విని ఉండరు, అందుకని ఎలా చేసినా నమ్ముతారు.

ప్రకటనలు రాగానే నాన్న చెయ్యి చాచాడు, నీళ్లు అని కూడా అనలేదు, అమ్మ లేచింది. గ్లాసు ఎడమచేత్తో తెచ్చింది. ఎండ మండిపోతుంటే అమ్మ మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుంది, ఆ అంచు కింద కుడి మణికట్టు ఎముక లేవకూడని చోట లేచి ఉంది, పోయిన నెల విరిగి వంకరగా అతుక్కుంది, స్నానాల గదిలో జారానని డాక్టరుకి చెప్పింది, ఫోన్లో కూతురికీ అదే చెప్పింది, కానీ చెప్పేముందు ఒక ఊపిరి ఎక్కువ తీసుకుంది. వేరే కూతుళ్లయితే ఆ ఊపిరి విని ఉండరు. ఎవరి బూట్లు ఏ నేలమీద ఎలా పడతాయో, బరువున్న మనిషి కుర్చీలోంచి లేస్తే ఏ కాలు ముందు కిర్రుమంటుందో చెవితో పట్టుకుని బతికేదానికి, చెప్పబోయే అబద్ధానికి ముందు వచ్చే ఊపిరి పట్టుకోవడం ఎంతసేపు. కొట్టారా అంటే, లేదే అంది. కొట్టారా అని మళ్లీ అడిగితే, "ఇప్పుడు తగ్గారే. వయసొచ్చింది, మునుపటిలా చెయ్యి లేవడం లేదు ఆయనకి" అంది, ఆ గొంతులో జాలి, నిజంగా జాలి, కొట్టే చెయ్యి నొప్పెడుతోందని. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే పూర్తిగా మారిపోతారు అంది. ఎన్ని కొన్నాళ్లు అమ్మా, నా పాలపళ్లు ఊడినప్పటి నుంచీ వింటున్నాను ఈ కొన్నాళ్లు. అప్పుడే వచ్చెయ్యమని అడిగింది, బతిమాలింది, అరిచింది కూడా, అమ్మ అంతా విని, ఆదివారం చెప్తాలే అంది. ఇప్పుడు అమ్మ ముఖంలోకి చూస్తే ఏమీ లేదు, ఒక దిండు గలీబు తీసి దులిపి మడతపెడుతోంది, అవన్నీ బీరువాలోకి వెళ్లే మడతలేనా, సంచీలోకి వెళ్లే మడతలా, మడతలో తేడా ఏముంటుంది, కానీ చూస్తూనే ఉంది.

మళ్లీ గుహ. బాతులు కాసేవాడు రాకాసి కాలికింద పడి నలిగిపోయాడు, కుట్టుపిల్ల అతన్ని పేరు పెట్టి పిలుస్తూ అరిచింది, పక్షులు పొలోమని రాలాయి, రాకాసి ఆమె వైపు తిరిగాడు. ఇక్కడ దర్శకుడు సంగీతం తీసేశాడు, చప్పుళ్లే ఉండాలి అన్నాడు, నీ ఇష్టం అక్కా, వినేవాడికి కడుపులో తిప్పాలి. ఆ రోజు గదిలో లైట్లు ఆర్పి, తెర ఎదురుగా నిలబడి, పాత తోలు దిండుని బల్లకి కట్టి, చేత్తోనే కొట్టింది, గ్లవ్ లేకుండా, రాకాసి చెయ్యి లేచినప్పుడు తన చెయ్యి లేచింది, దిగినప్పుడు దిగింది, ఒక్క ముక్కలో, ఎక్కడా ఆపకుండా, అరచెయ్యి ఎర్రగా వాచింది. ఏమేం చేసిందో గుర్తు లేదు. ఇప్పుడు వింటోంది. దెబ్బ, తోలు మీద అరచెయ్యి, ఇంకో దెబ్బ, కుట్టుపిల్ల వెళ్లి బండకి కొట్టుకుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య కొట్టేవాడు ముక్కుతో తీసుకునే గాలి, ఈ గాలి ఎవరిదో తెలుసు, ఎవరిదో తెలిసి ఎలా పెట్టింది, ఇంకో దెబ్బ, పిల్ల చెయ్యి దేనికో తగిలింది, తర్వాత స్టీలు చప్పుడు. గిన్నె మూత. నేలమీద అంచుమీద నిలబడి తిరుగుతోంది, మొదట నింపాదిగా, పోను పోను గబగబా, ఆఖరికి గొలుసులా కలిసిపోయి, చటుక్కున ఆగింది. రాకాసి గుహలో రాళ్లున్నాయి, ఎముకలున్నాయి, ఈకల కుప్ప ఉంది. గిన్నె లేదు. గిన్నె మూత అసలే లేదు. తెరమీద లేని వస్తువుకి చప్పుడు చెయ్యకూడదు, ఈ పనిలో చేరినవాళ్లకి మొట్టమొదట నేర్పేది అదే, కొత్తవాళ్లకి తనే నేర్పుతుంది, కత్తుల మోతకని అరలో పెట్టుకున్న స్టీలు మూతని చీకట్లో తన చెయ్యే తీసి తనే జారవిడిచింది, రికార్డిస్టు అదిరిందక్కా అన్నాడు, దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు, ఎవరికీ వినపడలేదు, తనకి కూడా.

వంటింటి గట్టు మీద అన్నం గిన్నె ఎప్పుడూ కుడివైపే ఉండేది, అమ్మ పడేటప్పుడు పట్టుకోవడానికి అందేది అదొక్కటే, గిన్నె బరువు కాబట్టి కదిలేది కాదు, మూత కింద పడేది. చప్పుళ్లక్క అప్పుడు భోజనాల బల్ల కింద ఉండేది, చెవి నేలకి ఆనించి, నేలలోంచి వింటే అన్నీ పెద్దగా, దగ్గరగా వినపడతాయి, కళ్లు మూసుకున్నా ఎవరెక్కడున్నారో తెలుస్తుంది, నాన్న మడమ, అమ్మ మోకాలు, అమ్మ మోచెయ్యి, ఆ తర్వాత మూత. మూత తిరుగుతున్నంతసేపూ ఇంకో దెబ్బ పడేది కాదు. ఎందుకో, నాన్న కూడా దాన్నే చూస్తూ నిలబడేవాడేమో. అందుకని ఆగకూడదు, తిరుగుతూనే ఉండాలి అని బల్ల కింద దేవుణ్ణి అడిగేది, అది గబగబా తిరగడం మొదలుపెట్టిందంటే ఆగబోతోందని అర్థం, ఆగగానే ఒకోసారి మళ్లీ మొదలయ్యేది, ఒకోసారి అమ్మ గొంతు వచ్చేది, ఏం లేదులే తల్లీ, చదువుకో. ఇప్పుడు అమ్మ చేతులు ఆగిపోయాయి. గలీబు ఒళ్లో సగం మడతలో ఉంది. అమ్మ తెర వైపు చూడటం లేదు, కూతురి వైపు చూస్తోంది, తిన్నగా, రెప్ప వెయ్యకుండా, ఇన్నేళ్లూ చదువుకుంటోందనుకున్న పిల్ల ఏం చేసిందో ఇప్పుడే తెలిసినట్టుగా.

తర్వాత కథ త్వరగానే అయిపోయింది. దెబ్బలు తిన్న కుట్టుపిల్ల రాకాసి పాదాల మీద పడి ఏడ్చింది, ఒక కన్నీటి చుక్క ఆ పాదం మీద పడింది, చేతులన్నీ రాలిపోయాయి, వెలుగు, ఆ వెలుగులో రాకాసి కాస్తా పట్టుబట్టలు కట్టుకున్న రాజైపోయాడు, ఏదో శాపమట, చచ్చిన పక్షులు లేచి ఎగిరాయి, నలిగిన బాతులాయన మాత్రం లేవలేదు, అతన్ని ఎవరూ తల్చుకోలేదు. ఆ వెలుగుకి గాజు గ్లాసు అంచుమీద తడివేలు తిప్పింది, అందంగా వచ్చింది, సిగ్గేసేంత అందంగా.

"తర్వాతేమవుతుంది?" అంది అమ్మ. ఇంతసేపట్లో అమ్మ అన్న మొదటి మాట.

"వచ్చేవారం పెళ్లి" అంది చప్పుళ్లక్క.

"వాడితోనా?"

"వాడితోనే."

అమ్మ తలూపింది, గలీబు పక్కన పెట్టింది, మడత పూర్తిచెయ్యలేదు. నాన్న టీవీ కట్టేసి, కళ్లజోడు తీసి, కుర్చీలో ముందుకి జరిగి గొంతు సవరించుకున్నాడు, ఇక మొదలు, చప్పుళ్లక్క భుజాలు లేచాయి, వద్దన్నా లేచాయి. బలాలు చెప్పాడు, చాలా చెప్పాడు, రాకాసి వేషం, పక్షులు, గొడ్డలి వేట్లు, ఎక్కడా విసుగు పుట్టలేదు, నీ పనితనం ప్రతి చోటా తెలుస్తోంది అన్నాడు. అన్నిటికన్నా పెద్ద బలం ముగింపు అన్నాడు, ఎంత రాకాసైనా ఓర్చుకునే ఆడదానివల్ల మారతాడు, పిల్లలకి చెప్పాల్సిన నీతి అది, చూస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, తుడుచుకున్నాడు. "ఇక బలహీనతలకి వస్తే" అన్నాడు. "పెద్దగా లేవు. ఒక్కటే. ఆ కొట్టే సీనులో గిన్నె మూత చప్పుడేమిటి? గుహలో గిన్నె ఎక్కడుంది? నువ్వు చూసుకోలేదా?"

మెచ్చుకోలుగా అడిగాడు, తన చెవి తప్పు పట్టినందుకు తనని తనే మెచ్చుకుంటూ. ఆయనకి నిజంగా తెలియలేదు. చప్పుళ్లక్క ఆయన ముఖంలో వెతికింది, ఎక్కడో ఒక మూల తెలిసి ఉంటుంది, దాచుకుంటున్నాడు అనుకుంది, లేదు, తుడిచిన పలకలా ఉంది. కొట్టినవాడికి ఆ చప్పుడు గుర్తే లేదు. చెప్పడానికి నోరు తెరిచింది, అమ్మే ముందు అంది.

"అది మన వంటింటిది."

"ఏంటి?"

"ఆ మూత మన ఇంటిదండీ. అన్నం గిన్నెది. పిల్ల విని, గుర్తుపెట్టుకుని, వాళ్లందరికీ వినిపించింది."

నాన్న లేచాడు, కుర్చీ ఎడమకాలు ముందు కిర్రుమంది. అమ్మ వంక చూశాడు, పెదాలు తడుపుకున్నాడు, గొంతు మెత్తబడింది, ఆ మెత్తదనం తెలుసు, ఒళ్లంతటికీ తెలుసు. "నీ చెవులు బాగానే పనిచేస్తున్నాయే" అన్నాడు. "జ్ఞాపకశక్తి కూడా..."

"మంచి చెప్పకండి" అంది అమ్మ. "నాకు వద్దు. కొట్టేదేదో కొట్టండి."

కొట్టాడు. వరస తప్పించినందుకేమో, చూసుకోకుండా, పిడికిలితో, అమ్మ కింది పెదవి పంటికి తెగి రక్తం గడ్డం మీదికి వచ్చింది. చప్పుడు ఇంతే. ఒక పుస్తకం మూసినంత. తోలు దిండు లేదు, ప్రతిధ్వని లేదు, ఎన్నేళ్ల పనితనమో పెట్టి చేసిన ఆ దెబ్బలన్నీ తప్పు, ఎపిసోడ్ మొత్తంలో అసలు బలహీనత అదీ, అసలు దెబ్బ ఇంత చిన్నగా ఉంటుంది, ఈ ఆలోచన సగంలో ఉండగానే తను ఆయన మణికట్టు పట్టుకుని ఉంది. రెండు చేతులతో. క్యారెట్లు పట్టుకున్నట్టే పట్టుకుంది. ముసలి ఎముక, పైన వదులు చర్మం, ఎక్కడ పట్టి ఎటు తిప్పితే విరుగుతుందో ఆమె చేతులకి తెలుసు, తిప్పడం మొదలుపెట్టింది కూడా, నాన్న మోకాళ్లు వంగాయి, ముక్కుతో ఆ గాలి తీసుకున్నాడు, కానీ ఈసారి కొట్టడానికి కాదు, నొప్పికి. ఇంకొంచెం. ఆ చప్పుడు వినాలని ఉంది, చెవులారా వినాలని ఉంది, అమ్మ మణికట్టు విరిగినప్పుడు ఈ ఇంట్లో ఏ చప్పుడై ఉంటుందో అచ్చం అదే.

"ఏమే" అంది అమ్మ, వీధి గుమ్మం దగ్గర నుంచి. చెప్పులు వేసుకుంది. చేతిలో సంచీ లేదు, మడతపెట్టినవన్నీ సోఫామీదే ఉన్నాయి. "ఆయన చెయ్యి పట్టుకుని ఇక్కడే ఉంటావా, నాతో వస్తావా?"

వదిలేసింది. నాన్న కుర్చీలో పడ్డాడు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎక్కడికి అన్నాడు, భోజనం సంగతేమిటి అన్నాడు, అమ్మ వినపడనట్టు తలుపు తీసింది. చప్పుళ్లక్క కారు తాళాల కోసం వెతుక్కోబోయింది, ఎప్పుడు తీసుకుందో, చేతిలోనే ఉన్నాయి. బయట మెట్ల దగ్గర ఎదురింటావిడ తలుపు ఓరగా తెరిచి నిలబడి ఉంది, ఎప్పుడూ అక్కడే నిలబడేది, ఎప్పుడూ అదే అడిగేది, ఏదైనా జారిందని అమ్మ చెప్పగానే జాగ్రత్త అని తలుపు వేసుకునేది.

"ఏమైనా పడిందా వదినగారూ?"

అమ్మ పమిట చెంగుతో పెదవి ఒత్తుకుంది, తీసి దానికంటిన రక్తం చూసుకుంది. "లేదండీ. ఆయన నన్ను కొట్టారు. మా అమ్మాయితో వెళ్లిపోతున్నాను."

ఎదురింటావిడ కళ్లు దించుకుంది, తలుపు అంచు గోటితో గీకింది. "నాకు తెలుసు వదినా" అంది, చాలా మెల్లగా. "మొదటినుంచీ వినపడుతూనే ఉండేది."

అమ్మ ఒక మెట్టు దిగింది, ఆగి వెనక్కి తిరిగింది, గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలని ఉంది, అంతే.

"మరి ఇన్నేళ్లూ ఏం పడిందని ఎందుకడిగారు?"